కొక్కెం

ములుగు రోడ్డు మీద పాత బండ్ల అడ్డాల
మూడు బండ్లు నిలవెట్టి చూపిచ్చి
నా చేతికి చాయ్ గిలాస ఇచ్చిండు ఓదెలు.
"నిమ్మలంగ చూడు కనకక్కా, తొందరేం లేదు."
తొందర నాకున్నది.
బేస్తారం తెల్లారంగ మడికొండల స్లాబు.

చిట్టీల నా సామాను రాసుకొచ్చిన:
మిల్లరు మిషిని ఒకటి,
రెండు రబ్బరు చక్రాలు, ముంగట ఇనుప మెడ,
కడుపుల ఎండిన సిమెంటు పెచ్చులు.
తట్టలు ముప్పై, పారలు ఆరు,
వైబ్రేటరు, డీజిల్ డబ్బ,
పదకొండు మంది.
రాసినంక చదువుకుంటె తెలిసింది,
మనుషుల్ని డీజిల్ డబ్బ కింద రాసిన.

మొదటిది చిన్న ట్రక్కు.
"రెండు టన్నులెయ్యి, కమాను కట్టలు కిందికి దిగయ్"
డబ్బ మీద చరిసి చెప్పిండు.
మోస్తది, గుంజుతది, నేను కాదనలే.
ముంగట ఇద్దరికే సీటు.
మిగిలినోళ్ళు ఏడ అంటె
ఎనుక డబ్బను చూపిచ్చిండు, సూటిగ, సిగ్గు లేకుంట.

నిరుడు హసన్‌పర్తి కాడ
ట్రాక్టరు డబ్బల తట్టల మీద కూసున్నది పోచవ్వ.
స్పీడు బ్రేకరు.
తట్టలన్ని డబ్బలనే ఉన్నయ్.
ఇప్పుడు నడుముకు బెల్టు కట్టుకొని
గల్మల కూసుంటది,
నేను పోతాంటె అడుగుతది:
"ఇయ్యాల ఎన్ని బస్తాల స్లాబే?"

రెండోది తెల్ల వ్యాను, బడి పిల్లల్ని తిప్పింది.
సీటు సందుల పెన్సిలు ముక్క, ఒక తలపిన్ను.
కాళ్ళు ముడుసుకుంటె అందరం పడ్తం.
"మిల్లరును గుంజుతదా?"
ఓదెలు ఇంకో చాయ్ చెప్పిండు.

ట్రాక్టరు నడిపే యాకూబ్ తాత నాకు బండి నేర్పేటప్పుడు
కాజీపేట బ్రిడ్జి మీద, నట్టనడుమ ఆపి చెప్పిండు:
"గుంజుడు ఏ బండైన గుంజుతది బిడ్డా.
దిగేటప్పుడు ఎనుకది నిన్ను నూకుతది చూడు,
అప్పుడు ఆగాలె. అదీ బండి."

మూడోది ఎత్తు బండి.
సర్పంచి అయితనని కొని, కాక, అమ్ముకున్నడట ఎవరో.
బానెట్టు పక్కన కడ్డీ ఉన్నది, జెండ లేదు.
వంగి ఎనుక చూసిన:
తుప్పు పట్టిన కొక్కెం, బొటనవేలంత పిన్ను.
ఊపిన. కదల్లే.
బ్రేకు మీద నా బరువంత ఏసి తొక్కిన. ఆగింది.
నేను గాక ఆరుగురే పడ్తరు.

"పదకొండు మందికి ఆరు సీట్లా!
డీజిల్ లెక్క చూసుకున్నవా అక్కా,
ట్రక్కైతె ఒక్కటే ట్రిప్పు."
చూసుకున్న.
మడికొండకు రెండుమార్లు పోతె
స్లాబుకు మూడు వందలు మీద పడ్తయ్,
నాలుగింటికి బదులు మూడింటికే లేవాలె.
పోచవ్వ ఎక్స్‌రేలకు ఎంతైందో గూడ నాకు తెలుసు.

పన్నెండు వేలు తగ్గిచ్చిండు, మస్తు గునిసి.
ఫైనాన్సు కాయితం మీద పదిహేను సంతకాలు పెట్టిన,
అన్నిట్ల "క" వంకరనే వచ్చింది.

మొదటి ట్రిప్పుల ఆరుగురు,
రెండో దాంట్ల ఐదుగురు, ఎనుక మిల్లరు.
ఒక సీటు మిగిలింది.
ఫోను చేసిన:
"పోచవ్వా, బస్తాలు లెక్కవెట్ట మనిషి గావాలె,
మెత్త తెచ్చుకో, కిటికీ పక్కన కూసుందువు."
అటునుంచి చానసేపు మాట లేదు.
తర్వాత, "కూలి ఎంతిస్తవ్?" అన్నది.

బేస్తారం మూడున్నర, చీకటి.
పిన్ను ఏసిన, పిన్ను మీద నమ్మకం లేక గొలుసు గూడ కట్టిన.
సర్పంచి కడ్డీ పీకి
మిల్లరు తోకకు తీగెతోని బిగిచ్చిన,
పాత ఎర్ర జాకెట్టు పేలిక దానికి.
ఎనుకొచ్చే లారీలకు తెల్వాలె
మేం ఎంత పొడుగున్నమో.